గుడ్లు కలపకముందు

"డ్రెస్సింగ్ ఎవరు చేస్తున్నారు?"

ఫోన్ ఎత్తగానే ఇమోజీన్ అడిగిన మొదటి మాట అది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన తల్లి ఎలా ఉందని అడగలేదు. రెండేళ్ళు ఎక్కడెక్కడో ఉండి ఇల్లు చేరిన తమ్ముడు ఎలా ఉన్నాడనీ అడగలేదు. అందుకు ఆమెను తప్పుపట్టడానికీ లేదు. అలబామా కొండల్లో థాంక్స్‌గివింగ్ పండుగ దగ్గరపడిందంటే ఏ ఇంట్లోనైనా అందరూ అడిగేది ఈ ప్రశ్నే. టర్కీ కోడిని ఎవరు కాల్చినా తింటారు, తీపి పదార్థాలు ఎవరు తెచ్చినా తింటారు. డ్రెస్సింగ్ మాత్రం ఎవరు పడితే వాళ్ళు చేస్తే ముట్టరు. మొక్కజొన్న రొట్టెను ముందురోజే కాల్చి ఆరబెట్టి, మర్నాడు చేత్తో చిదిమి, కోడి ఉడికిన నీళ్ళు, ఉల్లిపాయ, సెలరీ కాడలు, సేజ్ ఆకు, చివర్లో గుడ్లు కలిపి మళ్ళీ ఓవెన్‌లో పెడతారు, అంతే. చూడబోతే పేదింటి తిండి. కానీ అది ఎవరి చేతి మీదుగా బల్ల మీదికి వస్తే ఆ ఇంటికి ఆవిడే ఇల్లాలని ఊరంతటికీ తెలుసు.

"నేనే వదినా," అంది వెల్డా.



"అమ్మ ఒప్పుకుందా?"

"ఆవిడే చెయ్యమన్నారు."

"సరే... మొత్తానికి సాధించావ్. నేను నలభై ఏళ్ళుగా ఆ గిన్నె దగ్గరికి వెళ్తే చెయ్యి మీద ఒక్కటి వేసేది మా అమ్మ." ఇమోజీన్ నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. "అది కాదుగానీ వెల్డా, పండుగ పూటైనా ఆ మొహం కాస్త మనిషి మొహంలా పెట్టుకో. వాడు తప్పు చేశాడు, కాదనను. తిరిగొచ్చాడు. చర్చిలో అందరి ముందూ ఏడ్చాడు. ఇంకా ఏం చెయ్యమంటావు వాణ్ణి?"

"నేనేమీ చెయ్యమనలేదు వదినా."

"అదేనమ్మా నీతో వచ్చిన తంటా! తిట్టవు, అరవవు, ఏడవవు. నాలుగు తిట్టేసి నాలుగు కన్నీళ్ళు కార్చేస్తే ఇల్లు తేటపడుతుంది. నువ్వేమో రాయిలా కూర్చుంటావు. పిల్లాజెల్లా లేనిదానివి, రేపు అమ్మ పోతే నీకు దిక్కెవరు? మొగుడేగా."

వెల్డా ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడింది. రాయి అన్నందుకు బాధ కలగాలి, పిల్లలు లేరన్నందుకు ఇంకా ఎక్కువ కలగాలి. లోపల చెయ్యి పెట్టి వెతుక్కున్నట్టు వెతుక్కుంది. ఏమీ తగల్లేదు. బంగాళాదుంపలు ఉడకపెట్టాలి కదా అని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళింది.

ఏడవడం చేతకానిది కాదు వెల్డా. ఏడవాల్సినంతా ముందే ఏడ్చింది పాపం! కలప మిల్లు మూతపడ్డాక ఆమె మొగుడు హోబర్ట్, కార్ల ఫ్యాక్టరీలో పని దొరుకుతుందని డెట్రాయిట్ వెళ్ళాడు. మొదట్లో వారం వారం ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత అక్కడే పనిచేసే ఈ ఊరివాడొకడు సెలవుకి వచ్చి, హోబర్ట్ ఎవరో ఒకావిడ ఇంట్లో ఉంటున్నాడని చర్చి మెట్ల మీద చెప్పిపోయాడు. ఆ చలికాలమంతా వెల్డా మేజోళ్ళ మిల్లులో యంత్రాల చప్పుడు మాటున ఏడ్చింది, ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. అప్పుడే అత్తగారు జెల్మా పెరట్లో కుప్పకూలిపోయింది. కుడివైపు పడిపోయింది. ఇక ఏడవడానికి తీరిక ఎక్కడిది? అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టడం, తల దువ్వడం, నోటికి అందించడం, పక్క మార్చడం... కన్నకూతురు ఇమోజీన్ ఆదివారం వచ్చి పువ్వులు పెట్టి వెళ్ళేది. కోడలు మాత్రం రాత్రీ పగలూ ఆ మంచం దగ్గరే ఉంది.

అలాంటి అత్తగారు, నోటి మాట కాస్త తిరిగి వచ్చాక, కోడలిని ఒకే ఒక్క కోరిక కోరింది. మొన్న వేసవి చివర్లో ఓ మధ్యాహ్నం హోబర్ట్ సంచీతో గుమ్మం ముందు నిలబడ్డాడు. తల్లికి బాగాలేదని ఎవరో చెప్పారట. వెల్డా జాలీ తలుపు తియ్యకుండా దాని వెనకే నిలబడి చూస్తోంది. లోపలి నుంచి జెల్మా పిలిచింది.

"రానియ్యి తల్లీ... నా కోసం రానియ్యి. నా కొడుకు నా ఇంట్లో తిరుగుతుంటే చూసుకుంటూ పోతాను. ఇంకేమీ అడగను నిన్ను."

"సరే అత్తమ్మా," అంది వెల్డా.

ఆ 'సరే' అన్నప్పుడే ఆమె లోపల ఏదో ఆగిపోయింది. ఆ రోజు నుంచీ హోబర్ట్ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, కంచంలో వడ్డిస్తోంది, మంచానికి ఆ చివర పడుకుంటోంది. కోపం రాదు, దుఃఖం రాదు, ఆకలీ వెయ్యదు. తిన్నది గొంతు దిగుతుంది, అంతే. ఉప్పు తగ్గిందా ఎక్కువైందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఇప్పుడు ఈ గురువారం పండుగ. హోబర్ట్ వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తాడు, టర్కీ కోస్తాడు. అక్కా బావా పిల్లలూ, పక్కింటి కోరమ్మా అందరూ తిని చేతులు తుడుచుకుంటారు. దాంతో సరి. ఇక ఎవరూ ఏమీ అడగరు. నలుగురూ కూర్చుని తిన్న రాజీని తర్వాత కాదనడం ఎవరి తరమూ కాదు. కాదనాలంటే ఆ భోజనంలోపే అనాలి. అంటే మాత్రం, ఈ ఇల్లు తనది కాదు. ఇల్లు అత్తగారిది, అత్తగారు అతని తల్లి. అతన్ని కాదంటే తనకీ ఆవిడకీ సంబంధం ఏముంది? ఎక్కడికి పోతుంది తను? ఇవన్నీ వెల్డా ఎవరి కష్టమో ఆలోచిస్తున్నట్టు ఆలోచించింది. తెగలేదు. తెగకుండానే బుధవారం వచ్చేసింది.

బుధవారం మిల్లు నుంచి వచ్చేసరికి ఇల్లంతా కాలిన రొట్టె వాసన. వంటింట్లో హోబర్ట్ చొక్కా నిండా పిండి పూసుకుని నిలబడ్డాడు.

"చూడు, నీకో పని తగ్గించాను," అన్నాడు, చంటిపిల్లాడిలా గుడ్డ ఎత్తి చూపిస్తూ. రెండు ఇనుప మూకుళ్ళలో రెండు రొట్టెలు. మామూలుగా కంటే కాస్త ఎర్రగా కాలాయి, కానీ చక్కగా పొంగాయి. "రేపటి డ్రెస్సింగ్‌కి. నువ్వు అలిసిపోయి వస్తావని."

పక్క గదిలోంచి జెల్మా గొంతు వినిపించింది. "చూశావా అమ్మాయ్, మనిషి మారాడు. వాడి నాన్న బతికున్నన్నాళ్ళూ గుడ్డు కూడా కొట్టి ఎరగడు."

"మంచిది," అంది వెల్డా. కోటు విప్పి మేకుకి తగిలించింది. అతను ఇంకేదో మాట కోసం కాసేపు నిలబడి, వరండాలోకి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున్నే అత్తగారి కుర్చీని వంటింట్లో బల్ల పక్కన వేసింది వెల్డా. పెద్ద పింగాణీ బేసిన్ ముందు పెట్టుకుని రొట్టె చిదమసాగింది. జెల్మా ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని కళ్ళతోనే వంట చేస్తోంది.

"మరీ పిండి చెయ్యకు. ముద్దలూ ఉండకూడదు. మధ్యస్థంగా... ఆఁ, అలాగ. ఉల్లిపాయ వేగిందా? మాడనివ్వకు. కోడి నీళ్ళు ఒక్కసారే పోసెయ్యకే తల్లీ, రొట్టె తాగుతూ ఉండాలి, మునిగిపోకూడదు."

"పోస్తున్నాను అత్తమ్మా."

"నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని తిప్పేది, తెలుసా? మహా గయ్యాళి. నేను నీకు ఇంత నెమ్మదిగా చెప్తున్నానంటే, నా కర్మ కాలి నోరు వంకర తిరిగింది కాబట్టి." జెల్మా తన మాటకి తనే నవ్వింది. నవ్వు సగం మొహం మీదికే వచ్చింది. "సేజ్ ఆకు నలిపి వెయ్యి. ఇంకాస్త. ఆఁ. ఇప్పుడు రుచి చూడు. గుడ్లు కలపకముందే చూడాలి. గుడ్లు పడ్డాయంటే ఇక నోట్లో పెట్టుకోలేం, మార్చలేం. ఏం చేసినా ఇప్పుడే చెయ్యాలి."

వెల్డా చెంచాతో కాస్త తీసి నోట్లో వేసుకుంది. అలవాటు ప్రకారం మింగబోయింది. మింగుడు పడలేదు.

తియ్యగా ఉంది.

మొదట నమ్మలేదు. ఇన్ని నెలలుగా ఏ రుచీ తెలియని నాలుకని ఎలా నమ్ముతుంది? ఇంకో చెంచా తీసింది. కోడి నీళ్ళలో, ఉల్లిపాయలో, సేజ్ ఘాటులో అడుగున ఒక తీపి... పంచదార తీపి. ఆ కొండల్లో పుట్టినవాళ్ళెవరూ మొక్కజొన్న రొట్టెలో పంచదార వెయ్యరు. వేస్తే దాన్ని రొట్టె అనరు, కేకు అంటారు, ఆ పైన మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అంటారు. జెల్మా ఇంట్లో మూడు తరాలుగా పంచదార డబ్బా ఒక అరలో, మొక్కజొన్న పిండి ఇంకో అరలో ఉంటాయి. ఈ ఇంట్లో ఇలాంటి రొట్టె కాల్చడం ఎవరికీ రాదు. ఇది ఇక్కడ నేర్చిన చెయ్యి కాదు.

అప్పుడు కళ్ళకు కట్టింది వెల్డాకి. ఎక్కడో డెట్రాయిట్‌లో ఒక వంటిల్లు. ఒకావిడ పిండి కలుపుతుంటే పక్కన హోబర్ట్. కొలత చెప్తే తలూపుతూ, పంచదార డబ్బా అందిస్తూ, మూకుడు వేడెక్కిందా అని వంగి చూస్తూ... ఇరవై ఏళ్ళు కాపురం చేసి, తన వంటింట్లోకి కాఫీ కప్పు కోసం తప్ప అడుగు పెట్టని మనిషి! అతను ఇంకొకరి మంచం ఎక్కాడన్న మాటని ఎలాగో మింగింది వెల్డా. ఇంకొకరి కోసం రొట్టె కాల్చడం నేర్చుకున్నాడన్నది గొంతులో అడ్డం పడింది. గుండెలో ఎక్కడో సూది దిగినట్టు చిన్న నొప్పి పుట్టింది. నొప్పి అని గుర్తుపట్టడానికే ఆమెకి కాసేపు పట్టింది.

"ఎలా ఉంది?" అంది జెల్మా.

వెల్డా అత్తగారి మొహంలోకి చూసింది. ఆ సగం మొహం ఎంత సంబరంగా ఉందో! కొడుకు ఇంట్లో ఉన్నాడు, కోడలు గిన్నె ముందు ఉంది, పండుగ వచ్చింది. ఈ మాట చెప్తే ఆ సంబరం కాస్తా ఏమవుతుంది?

"బాగానే ఉంది అత్తమ్మా. గుడ్లు కొట్టేస్తాను." చెయ్యి గుడ్ల బుట్టలోకి వెళ్ళింది.

జెల్మా ఎడమచెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆగు. నాకు పెట్టు."

"అక్కర్లేదు, బాగుందన్నాగా..."

"నలభై ఏళ్ళు నేను రుచి చూడకుండా గుడ్డు పడలేదు ఇందులో. పెట్టు."

పెట్టక తప్పలేదు. జెల్మా నెమ్మదిగా నోరు కదిపింది. ఆగింది. కిటికీలోంచి బయటికి చూసింది. ముసలిదే కానీ వెర్రిది కాదు. కోడలికి తట్టినవన్నీ ఆమెకీ తట్టాయి, అదే వరసలో.

"వాణ్ణి పిలువు," అంది.

హోబర్ట్ వరండాలో వాళ్ళ నాన్న కత్తికి పదును పెడుతున్నాడు. కత్తి పట్టుకునే వచ్చాడు.

"ఏంటమ్మా?"

"రొట్టెలో పంచదార వేశావా?"

హోబర్ట్ గిన్నె వంకా తల్లి వంకా చూశాడు. "పంచదారా? లేదే... ఏమో. వేశానా?" నుదురు రుద్దుకున్నాడు. "అలవాటు కొద్దీ చెయ్యి వేసేసిందేమో."

అలవాటు! ఆ మాట నోరు జారాక గానీ అందులో ఏముందో అతనికి తెలియలేదు. తెలిశాక కత్తిని బల్ల మీద పెట్టేసి నీళ్ళు నమిలాడు. "కొంచెమేగా అమ్మా... అక్కడందరూ అలాగే..."

"బయటికి పో," అంది జెల్మా. గొంతు పెంచలేదు. అతను వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఇమోజీన్ రెండు చేతుల్లో రెండు గుమ్మడికాయ తీపి పైలు పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చింది. వస్తూనే గిన్నెలోంచి ఓ చిటికెడు తీసి నోట్లో వేసుకుంది, మూతి ముడిచింది.

"అయ్యో రాత! పంచదారా? వెల్డా, ఇది డ్రెస్సింగా, పుట్టినరోజు కేకా? కొవ్వొత్తులు కూడా తెచ్చేదాన్నిగా చెప్తే. అమ్మా, నేను ముందే అన్నానా..."

వెల్డా చెంచా కడిగి బల్ల మీద పెట్టింది. పడ్డ మాటని పడనిచ్చింది. అది ఆమెకి అలవాటే.

"నోరు ముయ్యి ఇమోజీన్," అంది జెల్మా. "అది కాదు. నీ తమ్ముడు కాల్చాడు ఆ రొట్టె."

"వాడికి రొట్టె కాల్చడం ఎక్కడ..." అంటూనే ఆగిపోయింది ఇమోజీన్. మొహంలో రంగు మారింది. పైలు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, "పిల్లలు కారు దిగారో లేదో చూసొస్తా," అని మెల్లగా జారుకుంది.

అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు.

"గుడ్లు కొట్టేస్తానత్తమ్మా. వాళ్ళొచ్చే వేళయింది. మళ్ళీ మొదటినుంచీ అంటే..."

"ఆ రొట్టె నా బల్ల మీదికి రాదు. ఆలస్యమైతే అవనీ. ఆకలేసినవాళ్ళు ఆ పైలు తింటారు." జెల్మా ఊపిరి పీల్చుకుంది. "వెల్డా, ఇలా కూర్చో. నాకు ఎక్కువ మాట్లాడే ఓపిక లేదు. ఆ రోజు నా కోసం అని అడిగి నీ నోరు నొక్కేశాను. కడుపుతీపి తల్లీ... దానికి బుద్ధి ఉండదు. నువ్వు సరే అన్నావు. నేను నీ మొహం చూడలేదు. చూస్తే తెలిసేది. చూడకూడదనే చూడలేదు."

"పోనీండి అత్తమ్మా..."

"పోనివ్వను. నన్ను పసిపిల్లలా ఎత్తి కడిగినదానివి నువ్వు. ఈ ఇల్లు నీదా వాడిదా అని నువ్వు లోపల లోపల నలుగుతున్నావని నాకు తెలుసు. ఇల్లు నాది. నా ప్రాణం ఉన్నంతకాలం నా మంచం పక్కన ఉండేది నువ్వే, వాడున్నా లేకపోయినా. నేను పోయాకా అంతే. ఇమోజీన్‌తో నేను చెప్తాను. ఇక వాడి సంగతి... ఈసారి నేనేమీ అడగను. నువ్వేం చేసినా నోరెత్తను."

వెల్డా ఆవిడ పడిపోయిన కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. "నాకేమీ తెలియడం లేదు అత్తమ్మా," అంది. "ఏం చెయ్యాలో, ఏం కావాలో... ఏమీ తెలియడం లేదు."

"ముందు రొట్టె కాల్చు," అంది జెల్మా.

తీపి రొట్టె కలిపిందంతా పెరట్లో కోళ్ళకి పోసి, వెల్డా కొత్తగా పిండి కలిపింది. తెల్ల మొక్కజొన్న పిండి, మజ్జిగ, గుడ్డు, ఉప్పు. మూకుట్లో పంది కొవ్వు పొగలొచ్చేదాకా కాచి పిండి పోసింది. సుయ్యిమంది. జెల్మా కుర్చీలోనే కళ్ళు మూసుకుని కునుకు తీస్తోంది, లేదా తీస్తున్నట్టు ఉంది. హోబర్ట్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను కావాలని చెయ్యలేదు వెల్డా."

"తెలుసు."

"నీకు సాయం చేద్దామని..."

"అదీ తెలుసు." ఓవెన్ తలుపు మూసి ఇటు తిరిగింది. ఇన్ని నెలల్లో ఒక్క ప్రశ్న అడగని మనిషి మొదటిసారి అడిగింది. "ఆవిడ పేరేంటి?"

హోబర్ట్ తలెత్తి చూశాడు. "వాండా," అన్నాడు.

"నిన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పిందా?"

"ఆదివారాలు... బయట మంచు. రెండు గదుల ఇల్లు. వేరే పనేముంటుంది? ఇద్దరం కలిసి వండుకునేవాళ్ళం."

"నవ్వుకునేవాళ్ళా?"

అతను నేల చూపులు చూశాడు. "ఆఁ."

వెల్డా తల ఊపింది. "నా వంటింట్లో నువ్వెప్పుడూ నిలబడలేదు."

"నాకు చోటెక్కడుంది ఇక్కడ? నువ్వూ అమ్మా... ఇది మీ రాజ్యం. నేనొస్తే అడ్డం అనేవాళ్ళు."

"అడిగావా ఎప్పుడైనా?"

"లేదు."

"నేనూ పిలవలేదు," అంది వెల్డా. నిందలా అనలేదు. ఉన్న మాట అంది. "ఎందుకొచ్చావు హోబర్ట్? అబద్ధం చెప్పకు. ఇంట్లో చాలా ఉన్నాయి అబద్ధాలు."

"అమ్మకి బాగాలేదని."

"నా కోసం కాదు."

అతను గుమ్మం చెక్కని గోటితో గీకాడు. "కాదు," అన్నాడు. "నీ కోసం కూడా కావాలని ప్రయత్నిస్తున్నా వెల్డా. ఒట్టు. రోజూ లేచి ప్రయత్నిస్తున్నా."

"నేనూనూ," అంది వెల్డా. "ఆవిడ ఇంకా అక్కడే ఉందా?"

"ఉంది."

"రమ్మంటోందా?"

అతను మళ్ళీ గుమ్మం చెక్క గీకాడు. వెల్డా జవాబు కోసం ఆగలేదు. తిరిగి ఓవెన్ వైపు వెళ్ళి రొట్టె చూసుకుంది. కాలాక పళ్ళెంలో పరిచి, ముక్కలు ఆరేలా మళ్ళీ ఓవెన్‌లోనే కాసేపు ఉంచింది. చిదిమింది, నీళ్ళు పోసింది, సేజ్ నలిపింది. చెంచాతో అత్తగారికి పెట్టింది. జెల్మా తల ఊపాకే గుడ్లు కొట్టింది.

ఆ ఇంట్లో పండుగ భోజనం ఎన్నడూ లేనిది అంత ఆలస్యమైంది. పిల్లలు గుమ్మడికాయ పైలు సగం ఖాళీ చేశారు. ఇమోజీన్ మొగుడు డోయిల్ కడుపు తడుముకుంటూ, "మేం తర్వాతి థాంక్స్‌గివింగ్‌కి వచ్చామా, ఈ ఏటిదానికేనా?" అన్నాడు. కోరమ్మ తన చేతికర్రతో అతని కాలు మీద ఒక్క పోటు పొడిచింది. అందరూ కూర్చున్నాక ఇమోజీన్, "నాన్న కుర్చీలో కూర్చో హోబర్ట్, ప్రార్థన చెయ్యి," అంది. అతను కదిలేలోపే జెల్మా, "ప్రార్థన నేను చేస్తా," అంది. వంకర నోటితోనే, ఒక్కొక్క మాటా కూడగట్టుకుంటూ చేసింది. తిండికీ, తిండి చేసిన చేతులకీ స్తోత్రం అంది. హోబర్ట్ పక్క కుర్చీలోనే ఉండిపోయాడు. నాన్న కుర్చీ ఖాళీగానే ఉంది. టర్కీని డోయిల్ కోశాడు. డ్రెస్సింగ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కోరమ్మ, "జెల్మా, ఇది నీ చెయ్యే," అంది. "కాదు, వెల్డాది," అంది జెల్మా. ఇమోజీన్ రెండోసారి వడ్డించుకుంది గానీ పైకి ఏమీ అనలేదు. వెల్డా తిన్నదో లేదో ఎవరూ గమనించలేదు.

పొద్దు వాలుతుండగా వెళ్ళేవాళ్ళు లేచారు. ఆ ఊళ్ళో పండుగ ఇంటి నుంచి ఎవరూ ఒట్టి చేతులతో వెళ్ళరు. వెల్డా బల్ల మీద కంచాలు వరసగా పేర్చి, ఒక్కోదాంట్లో టర్కీ, డ్రెస్సింగ్, చిక్కుళ్ళు పెట్టి పైన వెండి కాగితం కప్పి అంచులు నొక్కుతోంది. ఒకటి కోరమ్మకి. ఒకటి మంచంలో ఉన్న డోయిల్ తల్లికి. రెండు ఇమోజీన్ పిల్లలకి రేపటికి. ఇంట్లో ఉండేవాళ్ళకి ఎవరూ కంచం కట్టరు, వాళ్ళది గిన్నెల్లోనే ఉంటుంది. కంచం కట్టేది గుమ్మం దాటేవాళ్ళకి.

వెల్డా ఇంకో కంచం తీసింది.

"అది ఎవరికే?" అంది ఇమోజీన్ కోటు గుండీలు పెట్టుకుంటూ. "అందరికీ అయిపోయాయిగా."

వెల్డా మళ్ళీ గరిటె అందుకుంది. మంచి ముక్కలు ఏరి పెట్టింది. డ్రెస్సింగ్ అంచున కరకరలాడే భాగం హోబర్ట్‌కి ఇష్టం, అదే తీసి పెట్టింది. కాగితం కప్పింది. నాలుగు వైపులా జాగ్రత్తగా నొక్కింది. రెండు చేతులతో పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డ హోబర్ట్ ముందుకి వెళ్ళి అందించింది.

హోబర్ట్ కంచం వంక చూశాడు. వెల్డా మొహం వంక చూశాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, అతనికి మాటలతో చెప్పాల్సిన పని లేదు. చేతులు చాచడానికి చాలాసేపు పట్టింది. చాచి అందుకున్నాడు.

ఇమోజీన్ నోరు తెరిచింది. "అమ్మా! చూడవే, ఇది వాడికి కంచం కట్టింది. నీ కొడుక్కి, నీ ఇంట్లో! ఏమైనా అనవే..."

వంటింట్లో అందరూ కుర్చీ వైపు తిరిగారు. జెల్మా కొడుకును చూసింది. పసివాడిగా ఉన్నప్పుడు చూసినంత సేపు, తలనుంచి కాళ్ళ దాకా చూసింది. కళ్ళు నిండాయి, ఎడమ కంట్లోంచే నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇంకాస్త పెట్టు తల్లీ," అంది. "వాడికి చాలా దూరం ప్రయాణం."

వెల్డా హోబర్ట్ చేతుల్లోంచి కంచం తీసుకుంది. కాగితం ఒక మూల విప్పి, ఇంకో గరిటె డ్రెస్సింగ్ పెట్టి, మళ్ళీ మూసి ఇచ్చింది.